ఫైలకాలో ఒక పూట

కాకా పోయిన ముచ్చట నాకు వాట్సాప్‌ల తెలిసింది. పొద్దున పదైతుండొచ్చు. కువైట్‌ల, అల్ రాయ్‌ల మా స్పేర్ పార్ట్స్ గోడౌన్ ముంగట బండిలకెల్లి బంపర్లు దించుతున్నం. జేబుల ఫోన్ గుర్రుమన్నది. తెల్వని ఇండియా నంబర్.

"అన్నా, నేను కువైట్‌లో మీ రూంలో ఉండిన వంటాయన కూతుర్ని. మా నాయన మొన్న సోమవారం పోయినాడు. అమ్మ నాయన గొంతు వినాలంటాంది. మా కాడ ఒక్క వీడియో గూడ లేదు. ఎప్పుడూ చేతిలో ఫోన్ పట్టుకోని ఉండే హైదరాబాద్ అబ్బోడు ఒకడుండాడని నాయన చెప్తాండె. మీ నంబర్ ఆయన సంచిలో కాగితం మీద ఉన్నింది. ఏమన్నా ఉంటే పంపండన్నా."

రెండుసార్లు చదివిన. బంపర్ కింద పెట్టి, పక్కకు పోయి ఖాళీ డబ్బాల మీద కూసున్న.

ఉంది నా దగ్గర. ఒకటే ఒకటి. రెండు నిమిషాల నలభై సెకన్లు. ఆయన పొయ్యి ముంగట నిలబడి సంగటి కెలుకుతుంటడు. మధ్యల తెడ్డు పైకి లేపి హెలికాప్టర్ రెక్క లెక్క తిప్పుతడు. గొంతు సాఫ్‌గ వినొస్తది. కాకపోతే అందుల సగం నా గొంతే, ఆయనను ఎక్కిరిస్తున్న గొంతు. ఇంకోటి, ఈ వీడియో మీ ఊరికి పోదు కాకా అని ఆయనకు ఒట్టేసి చెప్పిన.

అబూ హలీఫాల మా రూంల నలుగురం. ముగ్గురం ముప్పై దాటనోళ్లం, ఆయనొక్కడే పెద్దమనిషి. ఊరు రాయచోటి దిక్కు. ఒక కంపెనీ మెస్‌ల వంట చేసేటోడు. అక్కడ వందమందికి వండి, రూంకొచ్చి మళ్ల మాకు వండేటోడు. వద్దు కాకా, కూసో అంటే, "కూచ్చుంటే చేతులు ఏడుస్తాయప్పా" అనేటోడు. నేను కాకా అనుడు మొదలుపెట్టినంక బిల్డింగ్ మొత్తం కాకా అన్నది. "మా తట్టు కాకా అంటే కాకిని పిలిచినట్టుంటాది" అని ప్రతిసారి గొణుగుకుంట, ప్రతిసారి పలికేటోడు.

ఉప్పు చూసేటప్పుడు కండ్లు మూసుకునేటోడు. ఎవ్వరి మంచం మీద కూసునేటోడు కాదు. ఫోన్ అంటే పడకపోయేది. ఆయనది బటన్ల ఫోన్. ఇంటికి చేస్తే ఒకటే పాట. "ఆ... బాగుండా. మీరు తిన్నారా? ఆ... సరే, పెట్టేస్తా." నలభై సెకన్లు కూడ కాదు. గింత చిన్నగ మాట్లాడితే మీ ఇంటామెకు ఏం తెలుస్తది కాకా అని అడిగిన ఒకసారి. "తిన్నారని నాకు తెలిసింది గదా, ఇంగేం కావాల" అన్నడు.

ఇంకో అలవాటుండె. మా బిల్డింగ్ సముద్రం పక్కకే కాబట్టి అప్పుడప్పుడు మీదికెల్లి హెలికాప్టర్లు పోతుంటయి. ఆ సప్పుడు రాంగనే ఏం చేస్తున్నా సరే, చెయ్యి స్టవ్ మీదికి పోయేది. మంట సిమ్ల పెట్టి, సప్పుడు పోయేదాక ఆగి, మళ్ల పెంచేటోడు. నేను చానా రోజులు గ్యాస్ పొదుపు అనుకున్న.

నాకు కోపం ఎక్కువ. అందరికి తెలుసు, నాకూ తెలుసు. ఒకసారి గోడౌన్‌ల సూపర్‌వైజర్ అందరి ముంగట నన్ను గాడిద అన్నడు. నేను బ్యాడ్జ్ తీసి వాని టేబుల్ మీద కొట్టి రూంకొచ్చిన. పోయి వాని కారు అద్దాలు పగలగొడ్త అని లేస్తున్న. కాకా ఏమైంది అని కూడ అడగలె. బేసిన్ల ఎర్రగడ్డలు, అంటే ఉల్లిగడ్డలు, పోసి నా ముంగట పెట్టిండు.

"ఇవి తరుగు."

"కాకా, నేను మంచి మూడ్‌ల లేను."

"అందుకే ఇస్తాండా. తరిగినాక పోయి పగలగొట్టు, నేనేమన్నా వద్దంటాండానా."

తరిగిన. కండ్లల్లకెల్లి నీళ్లు కారినయి, ముక్కు కారింది. నిజంగ ఏడిస్తే ఎంత కారుతదో అంత కారింది, ఎవ్వరు ఏం అనుకోలె. అయిపోయినంక అడిగిండు, "ఇప్పుడు ఎవుర్ని కొడతావు?"

"ఎవ్వర్ని లేదు."

"అట్లయితే బెండకాయలు గూడ తరుగు."

మా రూంల ఎవ్వనికి కోపమొచ్చినా ఎర్రగడ్డలే మందు. ఎక్కువ నేనే తరిగిన.

శుక్రవారం వచ్చిందంటే సంగటి. రాగిపిండి ఊరికెల్లి వచ్చేటోళ్లతోని తెప్పించుకునేటోడు. అన్నం మెత్తగ ఉడికినంక పిండి పోసి, ఒక చేత్తోని గిన్నె పట్టుకొని, కట్టె తెడ్డుతోని కెలికేటోడు. భుజం మొత్తం తిరిగేది. చెయ్యి తడి చేసుకొని ముద్దలు కట్టి వరసగ పెట్టేటోడు. మేం నలుగురం, ముద్దలు ఐదు. ఐదోది ఒక పళ్లెంల పెట్టి దాని మీద ఇంకో పళ్లెం బోర్లించేటోడు. సాయంత్రం దాక ఎవ్వరు ముట్టొద్దు. తెల్లారి దాన్ని మజ్జిగల పిసుక్కొని ఆయనే తాగేటోడు. ఒక శుక్రారం నేను ఆకలికి ఆగలేక ఆ పళ్లెం తీసిన. ఎప్పుడు గొంతు పెంచని మనిషి, "అది ముట్టొద్దు" అన్నడు. అంతే. కానీ నేను పళ్లెం మళ్ల బోర్లించిన.

కెలుకుతున్నంత సేపు కథ చెప్పేటోడు. ఎప్పుడు ఒకటే కథ.

ఇరాక్ సైన్యం కువైట్ మీద పడ్డ 1990 ఆగస్టుల కాకాకు ఇరవై రెండేళ్లు. ఊర్ల కొత్తగ పెండ్లి చేసుకొని, ఆమెను అక్కడ్నే వదిలి వచ్చిండు. ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఆసామి, ఆయనను ఫైలకా మీద కువైట్ సైనికుల క్యాంపుల వంటకు పెట్టిండు. ఫైలకా ఒక ద్వీపం, సల్మియా కాడ పడవ ఎక్కి పోవాలె. సైనికులకు రొట్టెలు రోజు పొద్దున ఆ పడవలనే వచ్చేటివి, నీలం ప్లాస్టిక్ ట్రేలల్ల. ఆ పొద్దున పడవ రాలె. ఇంకకెల్లి ఆయన మాటలల్లనే చెప్పాలె, నేను చెప్తే ఆ రుచి రాదు.

"నాకు అప్పుడు వచ్చిన అరబ్బీ అంతా వంటింటిదే అప్పా. నీళ్లంటే మాయ్, రొట్టె అంటే ఖుబూస్. యుద్ధాన్ని ఏమంటారో ఎవురు చెప్పినారు నాకు? వాళ్లు రేడియో కాడ అరుస్తాండారు, అటూ ఇటూ పరిగెత్తుతాండారు. రొట్టెలు రాలేదని అరుస్తాండారు అనుకుంటి. పాపం, ఆకలి అనుకుంటి. అంతలో హెలికాప్టర్లు వచ్చె. ఒగటి గాదు, వరసగా. ఓహో, పడవ చెడిపోయింది, రొట్టెలు పైనుంచి పంపినారు, ఎంత పెద్ద గవర్మెంటురా సామీ ఇది అనుకుంటి."

అనుకొని ఊకోలె. ఖాళీ ట్రేలు రెండు పట్టుకొని మైదానంలకు పోయిండు. పోయి, ఇటు దించండి, ఇటు దించండి అని ట్రే ఊపిండు. ఇక్కడికి రాంగనే ఆయన తెడ్డు గిన్నెలకెల్లి తీసి ఊపి చూపెట్టేటోడు. సంగటి చుక్కలు గోడకు అంటుకునేటివి. మా వంటింటి గోడ మీద ఆ మచ్చలు ఇంకా ఉన్నయి.

"దుమ్ములో ఏం కనపడల్యా. మనుషులు దూకుతాండారు. రొట్టెలు దించను ఇంతమంది ఎందుకబ్బా అనుకుంటి."

అప్పుడు ఎనకకెల్లి ఒక పడుచు సైనికుడు ఉరికొచ్చి, ఆయన కాలర్ పట్టి గుంజి, గోడ ఎనక పడేసిండు. ట్రేలు మైదానంల ఉండిపోయినయి. తర్వాత చూస్తే అన్ని బొక్కలే. "పిండి జల్లించుకోవచ్చు" అనేటోడు కాకా. ఎంతసేపు కాల్చుకున్నరో ఆయనకు తెల్వదు. చెవులు మూసుకొని పన్నడు. చేతులు తీసేసరికి వచ్చిన హెలికాప్టర్లు తిరుక్కొని పోయినయి.

కానీ మళ్ల వస్తయని అందరికి తెలుసు. తుపాకులు పట్టుకొని ఎక్కడోళ్లు అక్కడ్నే. పొద్దటికెల్లి ఎవ్వని నోట్ల ఏం పడలె. బియ్యం ఉన్నయి. కానీ కాకా లెక్క వేరే.

"అన్నం పెట్టాలంటే పళ్లెం కావాల, కూచ్చోవాల, రెండు చేతులూ ఖాళీగా ఉండాల. సంగటి ముద్దకు ఒగ చెయ్యి చాలు. రెండో చేత్తో తుపాకి పట్టుకోవచ్చు. పైగా ఒగటి తింటే పొద్దుగూకేదాకా మనిషి నిలబడతాడు."

ఊరికెల్లి ఆయన తినుడుకు తెచ్చుకున్న రాగిపిండి మూట మొత్తం గిన్నెల పోసిండు. పల్లీలు వేయించి ఎర్రకారం నూరిండు. ముద్దలు గుడ్డల కట్టుకొని, వంగి వంగి, ఒక్కొక్కని దగ్గరికి పోయి చేతుల పెట్టిండు. షినూ హాదా, ఇదేంది అని వాళ్లు అడుగుడు. ఏం చెప్పాల్నో తెల్వక ఈయన ఒకటి కొరికి చూపెట్టుడు. "తుపాకులకు ఏడ్వనోళ్లు నా కారానికి ఏడ్చిరప్పా. మాయ్, మాయ్ అని ఒగటే అరుపు."

తర్వాత?

"తర్వాతేముండాది. తిన్నారు."

కథ ఎప్పుడు అక్కడికే ఆగేది. ఆ మాట అనుకుంట తెడ్డు గిన్నె అంచుకు ఒకసారి కొట్టేటోడు. తర్వాత ద్వీపం ఏమైందో, ఈయన ఎట్ల బయటపడ్డడో, ఎంత అడిగినా నోరు తెరవకపోయేది.

నాకు మండేది. ఒక శుక్రారం సైనికులు నలభై మంది, ఇంకో శుక్రారం అరవై. పట్టుకున్న. "కాకా, పోయిన వారం నలభై అన్నవు."

"మనుషుల్ని ఎవురు ఎంచినారు? పిండి అయిపోయేదాకా చేసినా."

ఫోన్ తీసి ఆయన ముంగట్నే గూగుల్ చేసిన. ఫైలకా మీద రెండే లైన్లు దొరికినయి. హెలికాప్టర్లల్ల వచ్చినోళ్లను అక్కడున్న చిన్న దళం మొదలు ఆపింది, తర్వాత ద్వీపం పోయింది. గంతే. అందరికి వినొచ్చేటట్టు చదివిన. "వంటోడు లేడు, సంగటి లేదు, ట్రేలు లేవు. ఏం కాకా?"

ఆయన కెలుకుడు ఆపలె. "ఆ పూట ఎవురు వండినారని రాసిండారా?"

"లేదు."

"మరి తినకుండా కొట్లాడినారా వాళ్లు?"

రూం మొత్తం నవ్వింది. నా మొఖం మాడింది. నేను ఓడిపోతే ఊకునేటోణ్ణి కాదు. వచ్చే శుక్రారం ఫోన్ పట్టుకొని వంటింట్ల నిలబడ్డ. చెప్పు కాకా, హెలికాప్టర్ కథ, వీడియో తీస్త అన్న. సంబురపడి జుట్టు సదురుకున్నడు.

అదే ఈ వీడియో. నేను మధ్యమధ్యల పుల్లలు పెడుతుంట. రొట్టెలు నెయ్యివా, మామూలియా? హెలికాప్టరోడు ఉట్టిగనే తిరిగిపోయిండా, నీ మొఖం చూసి పోయిండా? ఆఖరికి అడిగిన, "గెలిచిండ్రా మరి? ద్వీపం పోయింది గద కాకా. ఏం కాపాడినట్టు?"

అప్పుడు తెడ్డు ఆపి, సీదా కెమెరాలకు చూసిండు. "ఒగ పూట కాపాడినారు. పూట అంటే తక్కువా? నువ్వు ఒగ పూట ఆకలికి ఆగలేవు, పళ్లేలు ఎత్తి చూస్తావు." అని నవ్విండు. నేను కూడ నవ్విన. తర్వాత ముద్దలు గుడ్డల కట్టుకొని పోయిన కాడికి వచ్చిండు. గప్పుడే నాకు వేరే కాల్ వచ్చింది. వీడియో ఆగిపోయింది.

దాన్ని స్టేటస్ పెట్టిన. ఫైలకా వీరుడు, రాగిసంగటి రెజిమెంట్ అని మీద రాసిన. సాయంత్రానికి బిల్డింగ్ మెట్ల మీద పోరలు ఆయనకు సెల్యూట్లు కొడుతున్నరు. కాకా, రొట్టెలు దిగినయా? ఆయన కూడ సెల్యూట్ కొట్టిండు, దిగుతాండాయి ఉండండి అన్నడు. మంచిగనే ఉండె. తెల్లారి ఫహాహీల్‌ల కూరగాయల కాడ రాయచోటాయన ఒకాయన కలిసి, "అన్నా, మీ వీడియో చూసినా, మా వాళ్లకు గూడ చూపియ్యాల" అన్నడు. కాకా చేతుల టమాటాల కవర్ ఉండె. అది కింద పెట్టేసి, కొనుడు ఆపి, సీదా రూంకొచ్చిండు. వచ్చి నా మంచం మీద కూసున్నడు. ఎవ్వరి మంచం మీద కూసోని మనిషి.

"అబ్బోడా, అది మా ఊరికి పోతాదా?"

"పోతే ఏమైతది? ఫేమస్ అయితవు."

"మా ఆడమనిషికి తెలీదప్పా. సల్మియాలో ఒగ ఇంట్లో తలుపేసుకోని కూచ్చుంటినని చెప్పినా. ద్వీపంలో తుపాకుల మధ్య ఉంటినంటే మళ్లా కువైట్‌కు పంపునా? మళ్లా రాకుంటే తినేదెట్ల? అప్పుడు చెప్పల్యా. ఇన్నేళ్లయినాక చెప్పను మొగం ల్యా."

నేను ఫోన్ తీసి స్టేటస్ కొట్టేసిన. చూపెట్టిన. అయినా నమ్మలె. వంటింట్లకు పోయి తెడ్డు తెచ్చిండు. "దీని మీద చెయ్యి పెట్టి చెప్పు. ఊరికి పోదని." పెట్టిన. చెప్పిన. నవ్వొచ్చింది, ఆపుకున్న.

నా తప్పు నాకు తెలిసింది కానీ సారీ అనుడు నాకు రాదు. అందుకని ఇంకేదో అడిగిన. "కాకా, ఆ ఐదో ముద్ద ఎవ్వనికి?"

తెడ్డు తీసి ఒడిల పెట్టుకున్నడు.

"నన్ను కాలర్ పట్టి లాగినాడే, వానికి. అందరికీ ఇచ్చి ఆఖర్న వాని కాడికి పోతి. గోడ కాడే ఉండాడు. తినే స్థితిలో ల్యాడు. ఎనక్కి తెచ్చి పళ్లెం బోర్లించి పెట్టినా. ఎవురన్నా లేపుతారేమో, లేస్తాడేమో అని. పొద్దుగూకేదాకా పెట్టినా."

"మరి కథల అందరు తిన్నరంటవు?"

"కథ గదప్పా. కథలో అన్నా తిననీ."

ఆ తర్వాతి శుక్రారం నేనే ఐదో ముద్ద పళ్లెంల పెట్టి బోర్లించిన. ఆయన చూసిండు. కారం ఎక్కువేసిండు నాకు, అంతే.

మూడు నెల్ల కింద వీసా కాన్సిల్ చేసుకొని ఖలాస్ అని ఊరికి పోయిండు. మోకాళ్లు పనిచేస్తలేవు. పెట్టె సర్దుతుంటే తెడ్డు పేపర్ల చుట్టి పెట్టిండు. నాకు ఉంచు కాకా అన్న. "ఈడ పెడితే దీంతో నువ్వు ఎవుర్నో కొడతావు" అన్నడు. నంబర్ అడిగితే కాగితం మీద పెద్ద అంకెలు ఏసి ఇచ్చిన. ఫోన్ మాత్రం ఎన్నడు చెయ్యలె. నేనూ చెయ్యలె. చేతుల పొద్దంత ఫోనే ఉంటది, ఒక్క కాల్ చెయ్యలె.

డబ్బాల మీద కూసొని ఎడిటింగ్ యాప్ తెరిచిన. నా గొంతు తీసేసి పంపుదాం అనుకున్న. కొస కొస కత్తిరించిన. కానీ ఆయన మంచి మాటలన్ని నా ఎక్కిరింపులకు జవాబులే. నన్ను తీసేస్తే ఒగ పూట కాపాడినారు అన్న మాట ఎందుకన్నడో తెల్వకుంట గాలిల ఎగురుతుంది. ఆ నవ్వు ఎవ్వన్ని చూసి నవ్విండో తెల్వకుంట పోతుంది. లోపలికెల్లి సూపర్‌వైజర్ యల్లా యల్లా అని అరుస్తున్నడు. వస్తున్న ఆగు అని నేనూ అరిచిన.

ఒట్టు గుర్తుంది. పోదని చెప్పిన. కానీ ఆయన గొంతు ఈ భూమి మీద ఈ ఫోన్ల తప్ప ఎక్కడ లేదు. దాని కోసం ఆయన ఇంటామె అక్కడ కూసొని ఉంది.

కూతురికి రాసిన. "అక్కా, ఒకటుంది. అందుల కాకా మీ అమ్మకు చెప్పని సంగతి ఉంది. పంపనని ఒట్టేసిన. ఎక్కిరిస్తున్నది నేనే. నన్ను తిట్టండి, ఆయనను ఏమనకండి." కత్తిరించకుంట మొత్తం పంపిన. ఫోన్ బోర్లించి పెట్టి, పోయి బంపర్లు దించిన.

గంటన్నరకు జవాబొచ్చింది. వాయిస్ మెసేజ్. కూతురు కాదు.

"నాయనా, నేను ఆయన ఇంటిదాన్ని. నువ్వేం బాధపడగాకు. సల్మియాలో లేడని నాకు ఎప్పుడో తెల్సు. ఆ ఏడు తిరిగొచ్చినాక ఊరి మీద హెలికాప్టరు పోతే చాలు, అన్నం ఉడికేది ఉడికినట్టే, పొయ్యిలో కట్టెలు ఎనక్కి లాగుతాండె. అడిగితే చెప్తాడు. చెప్తే నేను మళ్లా పంపలేను. పంపకుంటే జరగదు. అందుకే అడగల్యా. ఆ నవ్వేది నువ్వేనా? ఇంట్లో ఆయన ఇంతసేపు మాట్లాడింది నేను ఎప్పుడూ ఇనల్యా." ఎనక ఎవరో చిన్నపిల్ల ఏడుపు వినొచ్చింది. "ఒగటి చెప్పు నాయనా. వీడియో మధ్యలో ఆగిపాయ. ఆ పిల్లోళ్లు సంగటి తిన్నారా, లేదా?"

నేను మైక్ బటన్ ఒత్తిన, వదిలిన. మళ్ల ఒత్తిన. కండ్లు కారుతున్నయి, వీటితోనే అని చెప్పుదామంటే ఎర్రగడ్డలు కూడ లేవు ముంగట.

మూడోసారి ఒత్తిన.

"తిన్నరమ్మా. అందరు తిన్నరు. ఒక్కడు కూడ తినకుంట మిగల్లె."